కట్ట కట్టి దీవిని గెలిచిన రాజు: పరాక్రమబాహు ఏకం చేసిన లంక

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. నీళ్ల మాట వస్తే మనం టీఎంసీల్లో మాట్లాడుకుంటాం కదా. శ్రీలంకలో పొలన్నరువ ఊరిని ఆనుకుని ఒక చెరువుంది. ఇప్పటి కొలతల ప్రకారం కట్ట పొడవు సుమారు 14 కిలోమీటర్లు, ఎత్తు 40 అడుగులు. నిండితే 13 కోట్ల 40 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు పడతాయి. అంటే దాదాపు 4.7 టీఎంసీలు. దాని పేరు పరాక్రమ సముద్రం. పెద్ద చెరువుని సముద్రం అనడం మనకీ అలవాటే, నల్గొండ పక్కన పానగల్లులో ఉదయసముద్రం ఉంది. అక్కడి సముద్రానికి పేరిచ్చినవాడు మొదటి పరాక్రమబాహు. 1153 నుంచి 1186 వరకు పాలించాడు.

ఈయన గురించి రెండు మాటలు చెబుతుంటారు. చెరువులు కట్టించాడు అని ఒకటి, ముక్కలైన లంకని ఏకం చేశాడు అని ఇంకొకటి. రెండూ వేరువేరు ఘనకార్యాలన్నట్టు విడివిడిగా చెబుతారు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదల్లా ఈ రెండూ ఒకే పని అని. ముందు కట్ట వచ్చింది, తరవాత కత్తి వచ్చింది. ఆ వరస తెలిస్తే తప్ప ఈ మనిషి అర్థం కాడు.

సరే, లంక ముక్కలెందుకైంది? కాస్త వెనక్కి వెళ్దాం. 993 ప్రాంతంలో రాజరాజ చోళుడి సైన్యం ఉత్తర లంకని పట్టుకుంది. వెయ్యేళ్లకు పైగా రాజధానిగా ఉన్న అనురాధపురం పాడైంది. 1017లో రాజేంద్ర చోళుడి సైన్యం లంక రాజు ఐదో మహేంద్రుణ్ణి పట్టి తీసుకుపోయింది, ఆయన బందీగానే పోయాడు. చోళులు రాజధానిని పొలన్నరువకి మార్చారు. ఎందుకంటే దక్షిణాన ఉన్న రోహణ ప్రాంతం ఎప్పుడూ లొంగేది కాదు. అక్కడి నుంచి పైకి రావాలంటే మహావేలి గంగ దాటాలి. ఆ నది రేవుల మీద కన్నేసి ఉంచడానికి పొలన్నరువ సరైన చోటు. ఈ రేవుల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ రోహణ నుంచే విజయబాహు బయల్దేరి 1070లో చోళుల్ని వెళ్లగొట్టాడు. 1110 దాకా ఉన్నాడు. ఆయన పోగానే ఇంట్లో వాటాల గొడవ మొదలైంది. ఇక్కడ చుట్టరికాలు కాస్త ఓపిగ్గా వినాలి. విజయబాహు కళింగ రాకుమారి త్రిలోకసుందరిని పెళ్లి చేసుకున్నాడు. ఆమెకి ఒక కొడుకు విక్రమబాహు, ఐదుగురు కూతుళ్లు. ఆ కూతుళ్లలో ఒకామె రత్నావళి. విజయబాహుకి ఒక చెల్లెలు కూడా ఉంది, మిత్త. ఆమెకి ముగ్గురు కొడుకులు. రాజు పోయాక చెల్లెలి కొడుకులు ముగ్గురూ ఒక పక్క, సొంత కొడుకు విక్రమబాహు ఇంకో పక్క. కొడుకు పొలన్నరువ పట్టుకున్నాడు. మేనల్లుళ్లు దక్షిణదేశాన్నీ రోహణనీ పంచుకున్నారు. దక్షిణదేశం అంటే దీవికి అడుగున ఉన్న భాగం కాదు, అనురాధపురానికి దక్షిణంగా పడమటి తీరం వైపు ఉన్న నేల.

ఆ ముగ్గురు మేనల్లుళ్లలో పెద్దవాడు మానాభరణుడు రత్నావళిని చేసుకున్నాడు. వాళ్ల కొడుకే మన పరాక్రమబాహు. తరవాతి తరానికి వచ్చేసరికి పొలన్నరువలో విక్రమబాహు కొడుకు గజబాహు ఉన్నాడు, అంటే పరాక్రమబాహుకి మేనమామ కొడుకు. రోహణలో ఇంకో మానాభరణుడు ఉన్నాడు, ఈయన పినతండ్రి కొడుకు, పైగా పరాక్రమబాహు తోబుట్టువుల్నే చేసుకున్నవాడు. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. ముగ్గురికీ హక్కుంది. ముగ్గురూ దాదాపు సమానమైన బలం ఉన్నవాళ్లు. అలా నలభై ఏళ్లు గడిచిపోయాయి. ఎవరూ ఎవర్నీ గెలవలేకపోయారు. ఎందుకు?

తిండిగింజలు లేక. సైన్యాన్ని ఏడాది పొడుగునా కదలకుండా నిలబెట్టగలిగేంత ధాన్యం ఎవరి దగ్గరా లేదు. లంకలో వానలు బాగా పడే నేల నైరుతి మూలన, కొండల్లో ఉంది. ఉత్తరం, తూర్పు మెట్ట. అక్కడ వాన ప్రధానంగా అక్టోబరు నుంచి జనవరి మధ్య పడుతుంది. మిగతా కాలమంతా ఎండ. ఆ నాలుగు నెలల నీళ్లు పట్టి ఉంచుకుంటేనే పంట. చెరువు తెగితే ఊరు ఖాళీ. నలభై ఏళ్ల కొట్లాటలో తెగిన కట్టల్ని పూడ్చినవాడు లేడు.

1140 ప్రాంతంలో పినతండ్రి కీర్తిశ్రీమేఘుడు పోయాక పరాక్రమబాహు దక్షిణదేశానికి పాలకుడయ్యాడు. మూడు ముక్కల్లో ఒక ముక్క. ఇంకొకరైతే వెంటనే సైన్యం కట్టేవారు. ఈయనేం చేశాడు? చూళవంశం అనే పాలి గ్రంథం ఉంది, భిక్షువులు రాసిన రాజవంశ చరిత్ర. అది ఈయన్ని తెగ పొగుడుతుంది, కాబట్టి ప్రతి మాటా శాసనాలతో సరిచూసుకుంటూ చదవాలి. కానీ పొగడ్తలోనూ అది దేన్ని ఎంచుకుని పొగిడిందో చూడండి. పట్టం వచ్చాక మొదట ఆయన అన్న మాటగా అది చెప్పేది ఇది: నా రాజ్యంలో ఎక్కువ భాగం వాన మీదే బతుకుతోంది, ఏడాదంతా పారే నదుల కింద, పెద్ద చెరువుల కింద ఉన్న పొలాలు తక్కువ, కాబట్టి వాన వల్ల వచ్చిన నీళ్లు కొంచెమైనా మనిషికి పనికిరాకుండా సముద్రంలో కలవకూడదు. ఈ మాట శ్రీలంకలో బడిపిల్లలకి కూడా తెలుసు. ఇది పెద్ద రాజు మాట అనుకుంటాం. అప్పటికి ఆయన పెద్ద రాజు కాడు. మూడో వంతు దీవి చేతిలో ఉన్న చిన్న పాలకుడు. అది మరచిపోవద్దు.

మొదటి పని దెదురు ఓయ మీద. ఓయ అంటే వాళ్ల భాషలో ఏరు. చిలాపం దగ్గర పడమటి సముద్రంలో కలుస్తుంది. కోట్ఠబద్ధ అనే చోట దానికి అడ్డంగా పూర్వం ఒక ఆనకట్ట ఉండేది, కొట్టుకుపోయింది. దాన్ని మళ్లీ కట్టాలన్నాడు. అధికారులు కుదరదన్నారు. కట్టినా నిలవదన్నారు. వాళ్ల మాటలో తప్పేమీ లేదు. ఏరుకి అడ్డంగా కట్టే ఆనకట్ట కష్టం చెరువు కట్ట కష్టం లాంటిది కాదు. చెరువు కట్ట మీదుగా నీళ్లు పోకూడదు, పోతే తెగిపోతుంది. ఆనకట్ట మీదుగా వరద పోవాల్సిందే, పోయినా నిలబడాలి. మట్టితో అది కాదు. రాయి కావాలి, రాయికీ రాయికీ మధ్య సందు ఉండకూడదు. సందులో నీళ్లు దూరితే రాయి కింద మట్టి కోసుకుపోతుంది, ఒక్క రాయి కదిలితే పక్కది కదులుతుంది.

అధికారులకి ఆయన ఇచ్చిన జవాబు చూడండి. ఉత్సాహం ఉన్నవాళ్లకి సాధ్యం కానిదేముంది, రాముడు కోతులతో మహాసముద్రం మీద సేతువు కట్టించాడని ఇప్పటికీ చెప్పుకుంటున్నారు కదా అన్నాడట. లంకలో, బౌద్ధ గ్రంథంలో, లంక రాజు నోట రాముడి సేతువు! దాని వెనకే ఇంకో మాట: లంకని ఏకఛత్రం కిందికి తెచ్చే రాత నాకుంటే, ఈ పని మొదలుపెట్టగానే పూర్తవడం చూస్తాం. గమనించారా? ఆనకట్టని ఏకఛత్రంతో ముడిపెట్టింది నేను కాదు. ఆ గ్రంథమే ముడిపెట్టింది.

పని ఎలా జరిగింది? రాళ్లు కొట్టేవాళ్లు చాలలేదు. కమ్మరుల్ని, కంచర్లని, చివరికి కంసాలుల్ని కూడా తెచ్చి రాతి పనిలో పెట్టారు. ఉలి పట్టడం వచ్చిన ప్రతి చెయ్యీ కావాలి. రాళ్ల మధ్య అతుకు కనపడనంత దగ్గరగా పేర్చి, పైన సున్నం పూత పూసి, మొత్తం ఒకే బండ అన్నట్టు తయారు చేశారని గ్రంథం చెబుతుంది. కట్ట మీద బోధివృక్షం నాటారు, బుద్ధ విగ్రహానికి గుడి కట్టారు. ఇది భక్తి అనుకుంటాం. భక్తి ఉంది, నిజమే. దానితో పాటు ఒక ప్రయోజనం కూడా నాకు కనపడుతుంది. గుడి ఉన్న కట్ట మీదికి రోజూ మనుషులు వస్తారు. రోజూ మనుషులు నడిచే కట్టకి చిల్లి పడితే ఆ రోజే తెలుస్తుంది.

తరవాత బురద నేలల నీళ్లు తీయించి పొలాలు చేశాడు, పండవాపి చెరువుని పెంచాడు. కొత్తగా సాగులోకి వచ్చిన నేల మీద వచ్చిన ఆదాయం పాత పన్నుల్ని మించిపోయిందంటుంది గ్రంథం. రత్నాలు లాంటి విలువైన సరుకు దొరికే చోట్లని విడదీసి వాటికి ప్రత్యేకమైన అధికార శాఖ పెట్టాడు. ధాన్యం, డబ్బు, ఆ తరవాతే సైన్యం.

ఇక్కడ యుద్ధం వదిలేసి కాసేపు తూము దగ్గర ఆగుదాం. మీలో ఇంజనీర్లు ఉన్నారని తెలుసు, మిగతావాళ్లు కూడా కాస్త ఓపిక పట్టండి. 40 అడుగుల లోతున్న చెరువు అడుగున తూము పెట్టారనుకోండి. అక్కడ చదరపు అడుగుకి టన్నుకి పైగా ఒత్తిడి ఉంటుంది. తలుపు ఎత్తితే నీళ్లు సెకనుకి 15 మీటర్ల దాకా వేగంతో దూసుకొస్తాయి. ఆ వేగం తూము గొట్టాన్ని బతకనివ్వదు. రాళ్ల అతుకుల్లోంచి నీళ్లు కట్టలోకి చిమ్ముతాయి, మట్టి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది, కట్టలో బొరియ పడుతుంది. పైకి ఏమీ కనపడదు. బయటి పక్క వచ్చే నీళ్లు బురదగా మారాయంటే లోపల నీళ్లు కట్టని తినేస్తున్నాయని అర్థం. తేట నీళ్లు కారితే ఒకరోజు ఆగొచ్చు, బురద నీళ్లు కారితే ఆగకూడదు. మన చెరువుల దగ్గర పెద్దవాళ్లకి ఇది తెలిసిన సంగతే.

లంక పనివాళ్లు దీనికి చేసిన ఏర్పాటు బిసోకొటువ. పరాక్రమబాహుకి ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే ఉంది, ఆయన కనిపెట్టింది కాదు. కట్ట లోపలి వాలులో నలుచదరపు బావి దింపుతారు. చుట్టూ నున్నగా చెక్కిన రాతి పలకలు, వాటి వెనక ఇటుక, దాని వెనక నీరు పీల్చని బంకమట్టి. చెరువులోంచి ఒక గొట్టం ఈ బావిలోకి వస్తుంది, బావిలోంచి ఇంకో గొట్టం కట్ట కిందుగా కాలువలోకి పోతుంది. పెద్ద తూములైతే జంట గొట్టాలు. చెరువు నీళ్లు బావిలో పడి, గోడలకి కొట్టుకుని, ఊపు పోగొట్టుకుని, తరవాత నెమ్మదిగా బయటికి పోతాయి. తలుపులు ఈ బావిలోనే, మనిషి పైనుంచి అందుకోగలిగే చోట ఉంటాయి. ఇది పీడనాన్ని అదుపు చేసే వాల్వు బావి అని హెన్రీ పార్కర్ అనే ఇంజనీరు 1909లో వచ్చిన తన పుస్తకంలో వివరించాడు.

కట్ట లోపలి పక్క రలపనావ అని రాతి పరుపు ఉంటుంది, అలలు మట్టిని కోయకుండా. మనం రివిట్‌మెంటు అంటామే, అదే. పక్కన అలుగు. అలుగు చిన్నదైతే మిగతాదంతా ఎంత గట్టిగా కట్టినా వృథా, ఒక్క పెద్ద వానకి నీళ్లు కట్ట పైనుంచి పొర్లుతాయి. చెరువులు కూడా ఒంటరిగా ఉండవు. పై చెరువు అలుగు నీళ్లు కింది చెరువులోకి, దానివి ఇంకో దాంట్లోకి. మన గొలుసుకట్టు చెరువులే. వాళ్లు ఎల్లంగావ అంటారు. గొలుసులో పై చెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒకేసారి కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. అందుకని పై ఊరు ఒక రాజుదీ కింది ఊరు ఇంకో రాజుదీ అయితే ఏమవుతుందో చూడండి. కట్ట బాగుచేసే ఖర్చు పైవాడిది, తెగితే నష్టం కిందివాడిది. మూడు రాజ్యాలుగా ఉన్నంతకాలం పెద్ద కాలువలు బాగుపడకపోవడానికి ఇది ఒక గట్టి కారణమని నా నమ్మకం.

యుద్ధం సంగతి

ఇప్పుడు యుద్ధానికి వద్దాం. పరాక్రమబాహు ముందు గూఢచారుల్ని పంపాడు, తరవాత మధ్య కొండసీమని చేజిక్కించుకున్నాడు, ఆ తరవాత రాజరట, అంటే గజబాహు ఏలే పొలన్నరువ వైపు ఉత్తర నేల, దాని సరిహద్దు పొడుగునా చాలా చోట్ల ఒకేసారి ఒత్తిడి పెట్టాడు. పొలన్నరువ పడింది. గజబాహు బందీ అయ్యాడు. ఇక్కడితో కథ అయిపోవాలి కదా? కాలేదు. గెలిచిన సైనికులు ఊరి మీద పడి ఇళ్లు దోచుకున్నారు. దాంతో ఊరి పెద్దలకి ఒళ్లు మండి రోహణలో ఉన్న మానాభరణుడికి కబురు పెట్టారు. ఆయన వచ్చాడు, పరాక్రమబాహు సైన్యాన్ని తరిమాడు, గజబాహుని విడిపించాడు. విడిపించి ఏం చేశాడు? మళ్లీ ఆయన్నే చెరలో పెట్టి, బుద్ధుడి దంతధాతువునీ భిక్షాపాత్రనీ తన చేతిలోకి తీసుకున్నాడు.

ఒక్క దోపిడీ. దాని ఖరీదు కొన్నేళ్ల యుద్ధం. ఈ మాట రెండోసారి కూడా చెబుతాను, ఎందుకంటే విజయాల కథల్లో ఇది తరచూ జారిపోతుంది: పరాక్రమబాహు రాజధానిని గెలిచాడు, సైనికుల్ని అదుపు చేయలేక పోగొట్టుకున్నాడు.

చివరికి గజబాహు తన మీదికి దండెత్తినవాణ్ణే సాయం అడగాల్సి వచ్చింది. పరాక్రమబాహు మళ్లీ వచ్చాడు, మానాభరణుణ్ణి వెనక్కి నెట్టాడు. ఆ తరవాత గజబాహుతో మళ్లీ పోరు. అప్పుడు భిక్షుసంఘం మధ్యలోకి వచ్చింది. గజబాహు ముసలివాడు, వారసుడు లేడు, కొద్దికాలం ఆగితే రాజ్యం ఎలాగూ నీదే, ఎందుకీ రక్తం అన్నారు. ఆయన విన్నాడు. ఈ ఒప్పందం రాతి మీద ఉంది. సంగముగ్రామ విహారం దగ్గర బండ మీద చెక్కించారు: మనిద్దరం బతికున్నంతకాలం పోరాడుకోం, ఎవరు ముందు పోతే వాళ్ల సొత్తు రెండోవాళ్లకి, ఒకరి శత్రువు ఇద్దరికీ శత్రువు. ఇంత సూటిగా రాసుకున్న ఒప్పందం చూశారా ఎక్కడైనా?

గజబాహు కంతలై దగ్గర చనిపోయాడు. ఒప్పందం ఉన్నా ఆయన మంత్రులు మానాభరణుడికే కబురు పెట్టారు. మళ్లీ యుద్ధం, ఈసారి మహావేలి రేవుల దగ్గర. గుర్తుంచుకోమన్నానే, అవే రేవులు. రోహణ సైన్యం నది దాటితే పొలన్నరువకి ముప్పు, దాటలేకపోతే లేదు. చివరికి మానాభరణుడు ఓడి రోహణ చేరి అక్కడే పోయాడు. 1153తో పరాక్రమబాహు పాలన లెక్క మొదలవుతుంది.

రోహణ అప్పటికీ లొంగలేదు. మానాభరణుడి తల్లి సుగలాదేవి దంతధాతువునీ భిక్షాపాత్రనీ తన దగ్గర పెట్టుకుని తిరగబడింది. ఆ రెండు వస్తువులు ఎందుకంత ముఖ్యం? లంకలో అవి ఎవరి దగ్గరుంటే వాళ్లది రాజ్యం. నేలకి పట్టా లాంటివి. సైన్యం గెలిచినా పట్టా చేతికి రాకపోతే గెలుపు పూర్తి కాదు. దట్టమైన అడవుల్లో దీర్ఘంగా పోరాడి సేనాపతులు వాటిని పొలన్నరువకి తెచ్చారు, సుగలాదేవి పట్టుబడింది. కొడుకు పోయాక ఒక తల్లి ఇంతకాలం నిలబడటం చిన్న విషయం కాదు, ఆమెకి దక్కాల్సిన గౌరవం మన చరిత్ర పుస్తకాల్లో దక్కలేదు.

నేల ఏకమైంది. సంఘం? మహావిహారం, అభయగిరి, జేతవనం అని మూడు శాఖలు శతాబ్దాలుగా విడిగా ఉన్నాయి. వాటికి ఊళ్లున్నాయి, చెరువులున్నాయి, నీటి మీద వచ్చే ఆదాయం ఉంది. అంటే ఇది కేవలం ధర్మచర్చ కాదు. 1165 ప్రాంతంలో దింబులాగల మహాకస్సప థేరుడు అనే పెద్ద భిక్షువు ఆధ్వర్యంలో సభ జరిపి, తగనివాళ్ల చేత కాషాయం విప్పించి, మిగిలినవాళ్లని ఒకే సంఘం చేశారు. నియమావళిని పొలన్నరువ గల్ విహార బండ మీద చెక్కించారు, ఇప్పటికీ ఉంది. తరవాత బర్మా మీదికి ఓడలు పంపడం, పాండ్యుల వారసత్వ తగాదాలో లంకాపుర సేనాపతిని దింపడం, ఇవన్నీ జరిగాయి. బర్మాతో గొడవకి ఏనుగుల వ్యాపారం ఒక కారణం. అవి దీవి బయటి కథలు, ఇవాళ వాటి జోలికి పోను.

ఇక లెక్క. గ్రంథాన్ని బట్టి ఆయన కట్టించినవీ బాగుచేయించినవీ కలిపి 165 ఆనకట్టలు, 3,910 కాలువలు, 163 పెద్ద చెరువులు, 2,376 చిన్న చెరువులు. కట్టించినవీ బాగుచేయించినవీ కలిపి, అన్నాను. అందులో బాగుచేతలు చాలా ఉన్నాయి. మిన్నేరియ 3వ శతాబ్దపు మహాసేనుడిది. కళావేవ నుంచి అనురాధపురానికి నీళ్లు తెచ్చే 87 కిలోమీటర్ల జయగంగ కాలువ 5వ శతాబ్దపు ధాతుసేనుడిది. దాని మొదటి 17 మైళ్లలో వాలు మైలుకి 6 అంగుళాలు మాత్రమే. ఆ వాలు ఉన్న కాలువలో ఒండ్రు తీయకపోతే కొన్నేళ్లలోనే నీళ్లు నిలిచిపోతాయి. బాగుచేతని తక్కువ చేసి చూడకండి.

కానీ దీనికంతటికీ డబ్బు కట్టింది ఎవరు? పరాక్రమబాహు పోయిన కొద్దికాలానికి, 1187లో నిశ్శంకమల్లుడు రాజయ్యాడు. ఈయన తన శాసనాల్లో చెప్పుకున్నాడు: ముందు రాజు మితిమీరి వేసిన పన్నులతో జనం చితికిపోయారు, అందుకని ఐదేళ్లు పన్ను మాఫీ చేశాను అని. కొత్త రాజు పాత రాజుని తగ్గించి చెప్పడం సహజం, అయినా ఈ మాటలో నిజం ఉందనే నేననుకుంటాను. ముప్పై ఏళ్ల కట్టడాలు, రెండు విదేశీ యుద్ధాలు గాల్లోంచి రావు.

ఈ నిశ్శంకమల్లుడు మనకి దగ్గరివాడు. కళింగలోని సింహపురంలో పుట్టానని రాయించుకున్నాడు. సింహపురం పాత కళింగ రాజధాని, దాన్ని శ్రీకాకుళం పక్కనున్న సింగుపురంగా చాలామంది గుర్తిస్తారు. నిశ్శంకమల్లుడి సింహపురం అదేనా అన్నదాని మీద వాదన ఉంది. త్రిలోకసుందరి చుట్టాలు కూడా సింహపురం నుంచే లంకకి వచ్చారు. అంటే పరాక్రమబాహుకీ గజబాహుకీ ఇద్దరికీ కళింగ నెత్తురుంది.

నిశ్శంకమల్లుడు 1196లో పోయాక సింహాసనం మీద ఎవరూ నిలదొక్కుకోలేదు. 1215లో కళింగ మాఘుడు దండెత్తి వచ్చి రెండు దశాబ్దాలు ఏలాడు. సింహళ రాజులు నైరుతికి, దంబదెనియకి జరిగారు. వాన బాగా పడే నేల అది, అక్కడ పెద్ద చెరువుల అవసరం అంతగా లేదు. తూముల కొలతలు, కాలువ వాలు, ఏ తూము ఎప్పుడు తెరవాలి అన్నవి తెలిసిన అధికారులూ కుటుంబాలూ చెదిరిపోయాయి. కట్టలు ఒక్కొక్కటే తెగాయి, అడవి వచ్చింది.

ఎవరో చీటీ పంపారు. పరాక్రమ సముద్రం మొత్తం పరాక్రమబాహే తవ్వించాడా అని అడిగారు. తవ్వించలేదు, చెరువుకి తవ్వడం కన్నా కట్టడమే ముఖ్యం. తోపావేవ వంటి పాత చెరువులు అక్కడ ముందే ఉన్నాయి. వాటిని కలుపుతూ పొడుగాటి కట్ట వేయించాడు. అంబన్ గంగ మీద అంగమెడిల్ల దగ్గర నీళ్లు మళ్లించి, కాలువ ద్వారా దీన్ని నింపారు. అడవిలో కలిసిపోయిన ఆ చెరువుని 1940ల్లో, 50ల్లో మళ్లీ బాగుచేశారు. ఇప్పుడు దాని కింద సుమారు 18 వేల ఎకరాల వరి పండుతోంది, నీళ్లు ఇప్పటికీ అంగమెడిల్ల నుంచే వస్తున్నాయి. ఇంకో చీటీ కూడా ఉంది, లంక చెరువుల కింద బేత్మ అనే పద్ధతి అంటే ఏమిటని. కరువొస్తే చెరువు కింద మొత్తం పొలం తడపరు. కట్టకి దగ్గరున్న మడుల్ని మాత్రం తడుపుతారు, ఆ మడుల్ని ఎవరి పేరున ఉన్నా సరే, ఊళ్లోని రైతులందరికీ ఆ ఒక్క పంటకి వాటాలేసి పంచుతారు. వానలు బాగుపడ్డాక ఎవరి మడి వాళ్లదే.